వెయ్యి బిట్ల పీడీఎఫ్: దయచేసి ఇక ఫార్వర్డ్ చేయకండి

ఆ వాట్సాప్ మెసేజ్ మళ్ళీ వచ్చింది. పచ్చ టిక్కులు, మంట బొమ్మలు, చివర్లో "మీ గ్రూపుల్లోని నిరుద్యోగ మిత్రులకు పంపి పుణ్యం కట్టుకోండి" అన్న విన్నపం. ఉద్యోగ నోటిఫికేషన్ పడటం ఆలస్యం, ఈ మెసేజ్ బయల్దేరుతుంది. పంపేవాళ్ళంతా మంచి మనసున్నవాళ్ళే, అదే తంటా. అది అందని అదృష్టవంతుల కోసం సారాంశం: గ్రూప్స్, ఎస్సెస్సీ (పదో తరగతి కాదు, కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్), రైల్వే, కానిస్టేబుల్ అన్నింటికీ జీకే ఒకటే, జతచేసిన పీడీఎఫ్‌లోని వెయ్యి బిట్లు (ఒక్క వాక్యం ప్రశ్న-జవాబులు) బట్టీపడితే చాలు. పాలిటీ, జాగ్రఫీ, సైన్స్ మారవు కాబట్టి పాత పుస్తకమైనా పర్వాలేదు. కరెంట్ అఫైర్స్ చివరి మూడు నెలలు చూస్తే సరి. తెలియని ప్రశ్నలన్నింటికీ ఒకే ఆప్షన్ దిద్దేయాలి. పరీక్షయ్యాక విడుదలచేసే కీ (సరైన జవాబుల జాబితా) మీద అభ్యంతరాలు పెట్టడం దండగ. తెల్లవారుజామున 4 గంటలకు లేచి చదివితే బుర్రకెక్కుతుంది.

నాలుగింటి సంగతి ముందే తేల్చేద్దాం. కంటినిండా నిద్రపోయినవాడికి ఎప్పుడు చదివినా ఎక్కుతుంది. తర్వాతది.

అన్ని పరీక్షలకూ జీకే ఒకటే అట. ఎస్సెస్సీ డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్ తొలి దశ, అంటే టైర్-1లో జనరల్ అవేర్‌నెస్ 100కి 25 ప్రశ్నలు. రైల్వే ఎన్టీపీసీ (నాన్-టెక్నికల్ పోస్టుల పరీక్ష) మొదటి సీబీటీలో, అంటే కంప్యూటర్ పరీక్షలో 100కి 40, రెండోదాంట్లో 120కి 50. వీటిలో ఒక్క వాక్యం ప్రశ్నలు బాగానే వస్తాయి, బిట్లు కొంత అక్కరకొస్తాయి. అదే ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్ టెస్టు తీసుకోండి: 150 మార్కుల్లో చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీ తలా 30. ఆ భారతీయ సమాజానికి ఈ వెయ్యి బిట్లలో చోటే దొరకలేదు. టీజీపీఎస్సీ గ్రూప్-2లో 600 మార్కులకు 150 మార్కుల పేపరు ఒకటి పూర్తిగా తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీదే. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, దాన్నుంచి వచ్చిన రాజ్యాంగ ఆర్టికల్ 371-డి, 1985 నాటి 610 జీవో, 2010 శ్రీకృష్ణ కమిటీ: వీటి వరుస తెలియాలి, ఒకదానికి మరొకటి ఎందుకు దారితీసిందో తెలియాలి. పీడీఎఫ్‌లో తెలంగాణకు దక్కింది ఒకే ఒక్క బిట్టు: "29వ రాష్ట్రం". ఏర్పడ్డ రోజున నిజమే. కానీ 2019 అక్టోబర్ 31 తర్వాత దేశంలో ఉన్న రాష్ట్రాలే 28. దాని పక్కనే "ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13" అని కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4నే అవి 26 అయ్యాయి. పరీక్షకు ముందు గెజిట్ చూసుకోవాల్సిన అంకె అది, బట్టీపట్టి దాచుకునేది కాదు.

ఇక అసలు పాయింటు. "పాలిటీ, జాగ్రఫీ, సైన్స్ మారవు." ఈ మెసేజ్ మొత్తంలో ఎక్కువమంది కొంప ముంచేది ఈ ఒక్క ముక్కే. తక్కినవాటిని నమ్మితే కొన్ని మార్కులు రావు. దీన్ని నమ్మితే తప్పు జవాబును పూర్తి ధీమాతో దిద్ది వస్తారు, తప్పుకు మార్కులు కోసే పరీక్షైతే నెగెటివ్ కూడా పడుతుంది.

జాగ్రఫీతోనే మొదలుపెడదాం, మారడానికి అందులో ఏముందని అడుగుతారు కాబట్టి. పీడీఎఫ్‌లో ఉన్నది: భారత తీరరేఖ 7516.6 కి.మీ., ఆంధ్రప్రదేశ్ తీరం 974 కి.మీ., దేశంలో రెండో స్థానం. మన పిల్లలు ఆరో తరగతి నుంచీ చదివే బిట్టు ఇది. కేంద్ర హోంశాఖ 2023-24 వార్షిక నివేదికలో దేశ తీరరేఖ 11,098.81 కి.మీ. గుజరాత్ 2,340.62, తమిళనాడు 1,068.69, ఆంధ్రప్రదేశ్ 1,053.07. అంటే మన తీరం పెరిగింది, మన స్థానం మాత్రం మూడుకి దిగింది. సముద్రం ముందుకు రాలేదు, కొలిచిన పటం మారింది. పాత లెక్క 1970ల నాటిది, 1:45,00,000 స్కేలు పటం మీద తీసింది. కొత్తది 1:2,50,000 స్కేలు మీద. చిన్న స్కేలులో గీత తిన్నగా పోతుంది. పెద్ద స్కేలులో ప్రతి అఖాతం, ప్రతి నదీముఖం, ప్రతి వంపూ లెక్కలోకొస్తుంది. అందుకే వంపులు ఎక్కువున్న గుజరాత్ దాదాపు రెట్టింపైంది. ఈ కారణం ఒక్కటి తెలిస్తే నాలుగు అంకెలూ వాటంతట అవే గుర్తుంటాయి. మరి పరీక్షలో ఏది పెట్టాలి? ఆప్షన్లలో 974 మాత్రమే ఉంటే అదే పెట్టండి, ప్రశ్న తయారుచేసినాయన కూడా పాత పుస్తకమే చూశాడన్నమాట. రెండూ ఉంటే 1,053 పెట్టి, కీ తేడాగా వస్తే అభ్యంతరానికి సిద్ధంగా ఉండండి.

పాలిటీకొద్దాం. "లోక్‌సభ గరిష్ఠ సభ్యుల సంఖ్య 552" అని ఉంది. లెక్క ఇది: రాష్ట్రాల నుంచి 530, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి 20, రాష్ట్రపతి నామినేట్ చేసే ఆంగ్లో-ఇండియన్లు 2. 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరి 25 నుంచి ఆ నామినేషన్ ఆగిపోయింది. మిగిలింది 550. ఇక్కడ చదివేవాళ్ళు కూడా బోల్తాపడే మెలిక ఒకటుంది. అనుమానం వచ్చి రాజ్యాంగం తెరిచి 331వ ఆర్టికల్ చూస్తే, ఇద్దరిని నామినేట్ చేయొచ్చన్న మాట అక్కడ ఇప్పటికీ కనబడుతుంది. ఎందుకంటే దాన్ని కొట్టేయలేదు. దాని గడువు 334లో ఉంది. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లకు అక్కడ 70 ఏళ్ళను 80 చేశారు, అంటే 2030 జనవరి 25 వరకు. ఆంగ్లో-ఇండియన్ల గడువును 70 దగ్గరే వదిలేశారు. 331తో పాటు 334 చదవనివాడు పుస్తకం చేతిలో ఉండీ తప్పు పెడతాడు.

పీడీఎఫ్ ఇంకో చోట "126వ రాజ్యాంగ సవరణ" అంటోంది. అది బిల్లు నంబరు. బిల్లు నంబరు వేరు, సవరణ నంబరు వేరు. జీఎస్టీ 122వ బిల్లు, 101వ సవరణ. బీసీ కమిషన్‌కు రాజ్యాంగ హోదా 123వ బిల్లు, 102వ సవరణ. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడినవారి రిజర్వేషన్) 124వ బిల్లు, 103వ సవరణ. పైన చెప్పిన ఆంగ్లో-ఇండియన్ల సంగతి 126వ బిల్లు, 104వ సవరణ. మహిళా రిజర్వేషన్ 128వ బిల్లు, 106వ సవరణ. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళకు ఈ జంటలంటే ఎంత ముద్దో చెప్పలేం. నాలుగు ఆప్షన్లలో రెండు ఇక్కణ్ణుంచే తీస్తారు.

మిగతావి గబగబా. కేంద్రపాలిత ప్రాంతాలు 9 అన్నది మూడు నెలల ముచ్చట, దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ కలిసిపోయాక 2020 జనవరి 26 నుంచి 8. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 31 కాదు, 2019లోనే ప్రధాన న్యాయమూర్తితో కలిపి 34 చేశారు. "ప్రాథమిక హక్కులు 7" రాసినవారికి ఆస్తి హక్కును తీసేసి వాటిని 6 చేసిన 1978 నాటి 44వ సవరణ ఇంకా అందినట్టు లేదు, పోస్టులో ఉండుంటుంది. కిలోగ్రాము అంటే పారిస్ దగ్గర దాచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మె కాదు, 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా నిర్వచిస్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో లింగ నిష్పత్తి 940 అన్నది తాత్కాలిక లెక్క, తుది లెక్క 943. రెండూ ఒకే ప్రశ్నలో ఆప్షన్లుగా వస్తాయి, అడగాలనుకున్నవాడికి అంతకన్నా సులువైన ఉచ్చు లేదు.

ఎస్సై, కానిస్టేబుల్ అభ్యర్థులకు మాత్రం ఇంకో రెండు వాక్యాలు అవసరం. "హత్యకు సెక్షన్ 302, మోసానికి 420" అని ఈ పీడీఎఫ్ ఇంకా పాఠం చెబుతోంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) అమల్లో ఉంది: హత్యకు శిక్ష 103, మోసం 318. ఎఫ్ఐఆర్ పాత సీఆర్పీసీ 154 నుంచి, దాని బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 173కి, గుమికూడటం మీద నిషేధాజ్ఞలు 144 నుంచి 163కి వెళ్ళాయి. ఐపీసీ 511 సెక్షన్లు, బీఎన్ఎస్ 358. పాతవి మర్చిపోమని కాదు, "పాత 302కు సమానమైన కొత్త సెక్షన్ ఏది" అని అడుగుతారు కాబట్టి జంటగా రాసుకోండి.

సరే, ఎవరో పుణ్యాత్ములు పీడీఎఫ్ మొత్తం సరిచేశారనుకుందాం. అప్పుడైనా చాలుతుందా? అందులో ఒక బిట్టు "73వ సవరణ – పంచాయతీరాజ్". నూటికి నూరుపాళ్ళూ నిజం. ఇప్పుడు గ్రూప్స్ తరహా ప్రశ్న ఎలా ఉంటుందో చూడండి. సరైన వ్యాఖ్యలు గుర్తించండి: ఎ) 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. బి) ప్రతి రాష్ట్రంలోనూ మూడంచెల వ్యవస్థ తప్పనిసరి. సి) పోటీకి కనీస వయసు 21 ఏళ్ళు. డి) ఇది నాగాలాండ్, మేఘాలయ, మిజోరంలకు వర్తించదు. బి తప్పు: 20 లక్షలకు మించని జనాభా ఉన్న రాష్ట్రం మధ్య అంచె లేకుండా నడుపుకోవచ్చు, 243-బి చెప్పేది అదే. బిట్టు వచ్చినవాడూ రానివాడూ ఈ ప్రశ్న ముందు ఒకే బల్ల మీద కూర్చుంటారు. 243 నుంచి 243-ఓ వరకు ఒకసారి కుదురుగా చదివినవాడు అర నిమిషంలో దిద్దేస్తాడు. చదవాల్సింది పది పేజీలకు మించదు. మనవాళ్ళు దానికి బదులు వెయ్యి బిట్లు చదువుతారు, అది తేలికట!

"జాతీయ భాష హిందీ, జాతీయ క్రీడ హాకీ" అన్నవి కూడా జాబితాలో ఉన్నాయి. 343వ ఆర్టికల్ చెప్పేది కేంద్రం అధికార భాష గురించి. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని క్రీడా శాఖే 2012లో ఆర్టీఐ జవాబులో చెప్పింది. చాలు.

కరెంట్ అఫైర్స్ మూడు నెలలు అన్నది పరీక్ష చెప్పిన తేదీకే జరుగుతుందనుకునేవాళ్ళ లెక్క. ప్రశ్నపత్రం ముందే తయారై ఉంటుంది, పరీక్ష వాయిదా పడితే మీ మూడు నెలలూ పత్రం తయారయ్యాక జరిగినవే కావచ్చు. పరీక్ష తేదీ నుంచి వెనక్కి ఏడాది చూడండి. కేంద్ర బడ్జెట్, ఆర్థిక సర్వే, మీ రాష్ట్రం బడ్జెట్, సామాజిక ఆర్థిక సర్వే, ఇవి వదలకూడనివి. రోజువారీ నియామకాలు, పురస్కారాల జాబితాలు వీటి తర్వాతే.

ఒకే ఆప్షన్ సలహా దగ్గరకొచ్చాం. దీన్ని చీల్చి చెండాడతానని అనుకుంటున్నారేమో. చేయను, లెక్క ఒప్పుకోదు. నాలుగు ఆప్షన్లు, తప్పుకు మూడో వంతు కోత ఉన్నచోట గుడ్డిగా దిద్దితే సగటున వచ్చేదీ సున్నా, పోయేదీ సున్నా. ఎస్సెస్సీ సీజీఎల్ టైర్-1లో ఒప్పుకు 2, తప్పుకు 0.50 కోత, అంటే గుడ్డిగా దిద్దినా సగటున ప్రశ్నకు 0.125 లాభమే. టీజీపీఎస్సీ గ్రూప్స్‌లో నెగెటివ్ లేనేలేదు, అక్కడ ఖాళీ వదలడమే పాపం. ఈ మేరకు మెసేజ్ రాసినాయనకు దండం.

కానీ సగటు వేరు, మీ ఒక్క పరీక్ష వేరు. మూడో వంతు కోత ఉన్న ఏపీపీఎస్సీలో 30 ప్రశ్నలకు వరసగా సి దిద్దారనుకోండి. 10 తగిలితే 3.33 లాభం, 5 తగిలితే 3.33 నష్టం. రెండూ మామూలుగా జరిగేవే. పాయింటు తేడాలో కటాఫ్ తేలే పరీక్షలో ఇది లాటరీ. దానికి బదులు ఒక్కో ప్రశ్నలో ఖాయంగా కాదనిపించే ఆప్షన్లు కొట్టేయండి. ఒకటి కొట్టేస్తే సగటు లాభం ప్రశ్నకు 0.11, రెండు కొట్టేస్తే 0.33. పైన చూసిన పంచాయతీ ప్రశ్నలో బి తప్పని ఒక్కటి తెలిసినా, బి ఉన్న ఆప్షన్లన్నీ ఎగిరిపోతాయి. సగం తెలిసిన విషయానికి మార్కు వచ్చేది ఇలాగే.

చివరిది, అభ్యంతరాలు దండగ అన్న మాట. తుది కీలో జవాబులు మారడం, ప్రశ్నలు తొలగించడం, రెండు ఆప్షన్లకూ మార్కు ఇవ్వడం దాదాపు ప్రతి పెద్ద పరీక్షలోనూ జరుగుతుంది. ఎవరో అడిగితేనే జరుగుతుంది. గడువు సాధారణంగా కొద్ది రోజులే, కాబట్టి ప్రాథమిక కీ రాగానే మీరు దిద్దిన జవాబులుండే రెస్పాన్స్ షీట్ లేదా ఓఎంఆర్ కాపీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, లింకు తర్వాత ఉండదు. ప్రశ్న నంబరు మీ బుక్‌లెట్‌ది కాదు, కమిషన్ పెట్టిన మాస్టర్ పత్రంలోది రాయాలి. ఎ సిరీస్ కీకి బి సిరీస్ నంబరు రాసి అభ్యంతరం పోగొట్టుకునేవాళ్ళకు కొదవ లేదు. ఆధారంగా గెజిట్, చట్టం ప్రతి, ప్రభుత్వ నివేదిక, తెలుగు అకాడమీ పుస్తకం లాంటివి, ముద్రణ సంవత్సరం, పేజీ నంబరుతో సహా జతచేయాలి. కోచింగ్ మెటీరియల్ జిరాక్సు అక్కడ చెల్లదు. వాట్సాప్ స్క్రీన్‌షాట్ సంగతి చెప్పనక్కర్లేదు.