నాకు చిన్న ట్రాక్టరే కావాలి మహాప్రభో

ఇప్పుడే షోరూమ్ నుంచి వచ్చా. ఒళ్లు మండిపోతోంది.

అడిగింది 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్. మాకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, పక్కన రెండెకరాల బుడ్డల (వేరుశనగ) చేను. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, వాటి కింద దూరి దున్నే బండి కావాలి. ఇదంతా ఓపిగ్గా చెప్పాక ఆ సేల్స్ అబ్బాయి నన్ను నేరుగా 45 హెచ్‌పీ దాని ముందు నిలబెట్టాడు. చెంబు అడిగినోడికి గంగాళం చూపించినట్టు! "ఇంకొంచెం వేసుకుంటే పెద్దదే వస్తుందన్నా, కంతు ఆర్నెల్లకోసారే కదా" అంట. ఆ ఇంకొంచెం నువ్విస్తావా నాయనా?

పీటీఓ దగ్గర, అంటే ఇంజిన్ బలాన్ని వెనక తగిలించే పనిముట్టుకు అందించే షాఫ్టు దగ్గర, ఎంత హెచ్‌పీ వస్తుంది అనడిగితే "బాగా వస్తుందన్నా". మట్టిని గుల్ల చేసే నాలుగడుగుల రోటవేటర్ లాగుతుందా అంటే "పెద్దదైతే ఆరడుగులది లాగుతుందన్నా". మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్ మినీ ట్రాక్టర్లలో నేను చూస్తున్న మోడళ్లు రెండూ 24 హెచ్‌పీ, పనిముట్టు ఎత్తే లిఫ్టు రెండింటికీ 750 కిలోలే, ఒకదానికి రెండు సిలిండర్లు, ఇంకోదానికి మూడు. ఇంతమాత్రం నాకే తెలుసు. అమ్మేవాడికి మాత్రం పెద్ద బండి మీద కమీషన్ ఎంతో తెలుసు.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. సంతోషం. కొటేషన్‌లో చూస్తే బంపర్, టాపు, హుక్కు, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, చివర్లో "ఇతరములు". ఆ ఇతరులెవరో ఎంత అడిగినా చెప్పరు.

పైగా అందరిదీ ఒకటే పాట, పెద్దది కొంటే బాడుగకు తోలుకోవచ్చని. మా ఊళ్లో ఉన్న ట్రాక్టర్లకే పని లేక చింతచెట్టు కింద నిలబడి ఉన్నాయి. నేను పోయి వాటి పక్కన ఇంకోటి నిలబెట్టాలా?

బస్సెక్కానో లేదో మా చిన్నాయన ఫోన్. అప్పటికే ఎవరో చెప్పేశారు. "అది బొమ్మరా, పిల్లోళ్లకు కొనియ్యి" అని ఒకటే నవ్వు. ఆయనకు 50 హెచ్‌పీ బండి ఉంది మరి. ఆ బండి సంగతే చెప్తా వినండి.

అనంతపురం ఎర్రనేల. వాన పడితే పదును రెండు రోజులుంటే గొప్ప. ఆ రెండు రోజులూ ఆయన బండి ఎవరెవరి చేలల్లోనో తిరుగుతుంది. మా నాన్న గెనిమ మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉంటాడు. ఫోన్ చేస్తే "సొంతోళ్లే కదన్నా, రవ్వంత ఆగలేవా". నేల ఎండి గట్టిపడ్డాక వస్తాడు. పోయినేడు అట్లాగే విత్తనం వేస్తే సగం మొలకే రాలేదు. బాడుగలో మాత్రం సొంతోళ్లని పది రూపాయలు తగ్గించుకోలేదు. తోటలోకి వచ్చి కాయ పట్టిన కొమ్మలు విరగ్గొట్టి ఏమన్నాడో తెలుసా? "చీనీ చెట్టుకు అప్పుడప్పుడు కత్తిరింపు మంచిదే."

మా నాన్న ఆయన్ను ఒక్క మాట అనలేదు. తమ్ముడు కదా. నాకు ఆ మొహమాటం లేదు, ఆయన ఈ పోస్టు చదివినా సరే.

జీవో, నియోస్టార్ తోటల్లో వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. డీజిల్ ఎంత తాగుతోంది, సామాను మండలంలో దొరుకుతోందా, టౌనుకు పోవాల్సిందేనా. "ఇంకొంచెం వేసుకో అన్నా" అని ఎవరైనా అన్నారో, బ్లాక్ చేస్తా.