తొందరలో ఉన్న ఆ మనిషి మనమే

మనస్తత్వ శాస్త్ర పరిశోధనల గురించి చదివేటప్పుడు మనలో చాలామందికి ఒక అలవాటు ఉంటుంది. ‘మనుషులు ఇలా ప్రవర్తిస్తారు’ అని కనిపించగానే బావగారో, ఆఫీసులో బాసో, ఎదురింటివాళ్లో గుర్తొస్తారు కానీ మనం మాత్రం గుర్తురాం. నాకు ఆ వెసులుబాటు లేకుండా చేసింది 1973లో అచ్చయిన ఒక అధ్యయనం.

అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ చేసిన ప్రయోగం అది. అందులో ఉన్నది 40 మంది, అందరూ సెమినరీలో, అంటే క్రైస్తవ మతబోధకులను తయారుచేసే కాలేజీలో దైవశాస్త్రం చదువుతున్న విద్యార్థులే. పక్క బిల్డింగుకి వెళ్లి చిన్న ప్రసంగం చేయాలని వాళ్లకు చెప్పారు. కొందరికి ఇచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుడి కథ. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ని పూజారైన యాజకుడు, గుడిలో సేవ చేసే లేవీయుడు చూసీ చూడనట్టు వెళ్లిపోతే, పరాయివాడైన సమరయుడు ఆగి ఆదుకున్న కథ. వీళ్లు వెళ్లే దారిలో ఒక గుమ్మం దగ్గర ఒకతను తల వాల్చేసి, కళ్లు మూసుకుని కూలబడి ఉంటాడు, దగ్గుతాడు, మూలుగుతాడు. అతన్ని అక్కడ పెట్టింది పరిశోధకులే.

ఇంకా టైముందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక సాయం చేశారు. సరిగ్గా టైమైందని పంపితే 45 శాతం. ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్లండి అని తొందరపెట్టి పంపితే 10 శాతం. ప్రసంగం సమరయుడి గురించా, వేరేదా అన్నది చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. ఆ కథ చెప్పడానికి వెళ్తూ, పడి ఉన్న మనిషిని దాటుకుని మరీ వెళ్లినవాళ్లున్నారు.

అంకెలకన్నా నన్ను ఎక్కువగా పట్టుకున్న సంగతి ఇంకొకటుంది. ఆగకుండా వెళ్లినవాళ్లలో చాలామంది అవతలి గదికి చేరేసరికి టెన్షన్‌గా కనిపించారని పరిశోధకులు రాశారు. అంటే వాళ్లేమీ గుండె లేనివాళ్లు కారు, అక్కడ ఒకరు తమ కోసం ఎదురుచూస్తున్నారు, మాటిచ్చాం, నిలబెట్టుకోవాలి అనుకున్నవాళ్లు, బాధ్యత తెలిసినవాళ్లు. అలాంటి మనిషి నాకు బాగా తెలుసు. అమ్మ ఫోన్లో మోకాలి నొప్పి గురించి చెబుతుంటే ‘సరే అమ్మా, మళ్లీ చేస్తా’ అని పెట్టేసే గొంతు, వాచ్‌మన్ ఏదో చెప్పబోతుంటే బండి స్టార్ట్ చేసేసే చెయ్యి నావే.

తొందర ఒక్కటే కాదు, గుంపు కూడా అంతే. డార్లీయే బిబ్ లాటానేతో కలిసి 1968లో ప్రచురించిన ప్రయోగంలో, వేర్వేరు గదుల్లో కూర్చుని ఇంటర్‌కమ్‌లో మాట్లాడుకుంటున్నవాళ్లలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. వింటున్నది తానొక్కరే అనుకున్నప్పుడు, ఆ మూర్ఛ ముగిసేలోపే కదిలినవాళ్లు 85 శాతం. మరో నలుగురు కూడా వింటున్నారనుకుంటే 31 శాతం. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘మావారికి ఒంట్లో బాగాలేదు, ఎవరైనా కారు తీస్తారా’ అని రాత్రిపూట మెసేజ్ పడితే ఏమవుతుందో ఆలోచించండి. చూసినవాళ్ల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది, ప్రతి ఫ్లాట్‌లోనూ ‘ఎవరో ఒకరు చూసుకుంటార్లే’ అన్న ఆలోచనే.

దీన్నుంచి తప్పించుకోవడానికి దారులు లేకపోలేదు. 40 మందితో ఏం తేలుతుంది అనొచ్చు. 2015లో వంద మనస్తత్వ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే స్పష్టంగా నిలబడ్డాయని గుర్తుచేయొచ్చు. అవి న్యాయమైన సందేహాలే. అయితే మనల్ని మెచ్చుకునే అధ్యయనం చదివినప్పుడు ఈ లెక్కలేవీ మనకు గుర్తురావు, ఇబ్బంది పెట్టేది కనిపిస్తేనే శాంపిల్ సైజు అడుగుతాం. బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికాల్లో వీధి గొడవల సీసీటీవీ ఫుటేజీ పరిశీలిస్తే పదింట తొమ్మిది సందర్భాల్లో కనీసం ఒకరైనా అడ్డుపడ్డారని తర్వాత మరో పరిశోధనలో తేలింది. మంచి వార్తే, నిజంగా ఊరటనిచ్చేదే. కానీ ఆ ఒక్కరు మనమేనా?

ఈ తప్పించుకోవడం మీద కూడా పరిశోధన ఉంది. 1975లో రిచర్డ్ నిస్బెట్, యూజీన్ బోర్గిడా ఆ మూర్ఛ ప్రయోగం ఫలితాలను విద్యార్థులకు ముందే చెప్పి, అందులో పాల్గొన్నారంటూ ఇద్దరి వీడియోలు చూపించి, వీళ్లు సాయం చేసి ఉంటారా అని అడిగారు. ఫలితాలు తెలిసినవాళ్ల అంచనాలు, తెలియనివాళ్ల అంచనాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. శాతాలు విన్నారు, నమ్మారు, ఎదురుగా కనిపించే మనిషికి మాత్రం వాటిని వర్తింపజేయలేదు. ఇంకో గుంపుకి శాతాలు చెప్పకుండా, ఈ ఇద్దరూ సాయం చేయలేదని మాత్రమే చెబితే, మిగతావాళ్లూ ఎక్కువమంది కదిలి ఉండరని సరిగ్గా ఊహించారు. అందుకే ఇలాంటివి చదివినప్పుడు ‘మనుషులు’ అన్నచోట మన పేరే పెట్టుకుని, మనం ఆగకుండా వెళ్లిపోయిన ఒక సందర్భాన్ని గుర్తుచేసుకోవాలంటాను. ఆ ఇబ్బంది లేకపోతే శాతాలు కాగితం మీదే ఉండిపోతాయి.

ప్రథమ చికిత్స శిక్షణలో ఈ బలహీనతను ముందే లెక్కలో వేసుకుంటారు. రోడ్డు మీద ఎవరైనా పడిపోతే గుంపు వైపు చూసి ‘ఎవరైనా 108కి ఫోన్ చేయండి’ అనొద్దని, ఒకరి కళ్లలోకి చూసి ‘నీలం చొక్కా అన్నా, మీరు చేయండి’ అనమని నేర్పుతారు. ఆ వాట్సాప్ మెసేజ్ కూడా అలాగే పెట్టొచ్చు: ‘204 వాళ్లూ, మీరు కారు తీయండి, 302 వాళ్లూ, మీరు లిఫ్ట్ దగ్గరికి రండి.’