"ఏదో ఒక ఆయిల్ వెయ్యండి" అనే సలహా ఇక ఆపండి

బైక్ చైన్ కిర్రుమంటే డబ్ల్యూడీ-40 స్ప్రే. తాళం బిగుసుకుంటే అదే. ఫ్యాన్ మోత చేసినా అదే. ఆ డబ్బా మీద నాకు కోపమేం లేదు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో దాన్ని తయారుచేసింది లోహం మీది తేమను తరిమి తుప్పు ఆపడానికి. అందులో ఎక్కువ భాగం ద్రావకమే. తుప్పు పట్టిన నట్టు వదలడానికి, జిగురు మరకలు తుడవడానికి భేషుగ్గా పనిచేస్తుంది. కానీ ద్రావకం ఆవిరయ్యాక మిగిలేది పల్చటి పొర. చైన్ మీద కొడితే అక్కడున్న ఆయిల్ కూడా కరిగి కారిపోతుంది. రెండు రోజులు నిశ్శబ్దం, తర్వాత మళ్లీ కిర్రు.

అందరూ "ఏ కంపెనీది మంచిది?" అని అడుగుతారు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ నూనె తగిలే చోట ఏముంది? రబ్బరా, క్లచ్ ప్లేటా, ఇత్తడా, దుమ్మా, నోట్లోకి వెళ్లేదా?

బైక్ చైన్ సంగతే చూడండి. మెకానిక్ షాపుల్లో ఇంజిన్ నుంచి దించిన నల్ల ఆయిల్‌ని బ్రష్‌తో పూసేస్తారు. అందులో మసి, అరిగిన లోహపు పొడి, ఆమ్లాలు ఉంటాయి. ఫ్రీగా వచ్చింది కదా అని పూసి చైన్‌ని అరగదీసుకోవడమే. గ్రీజు దట్టించడం ఇంకో తప్పు. అది పిన్నుల మధ్యకి దిగదు, పైనే ఉండి దుమ్ము పట్టి సానరాయిలా పనిచేస్తుంది. 100 సీసీ బళ్ల మామూలు చైన్‌కి ఎస్ఏఈ 90 (చిక్కదనం గ్రేడు) గేర్ ఆయిల్ చాలు. ఓ-రింగ్ చైన్ (లింకుల మధ్య రబ్బరు రింగులుండేది) అయితే లోపల గ్రీజు కంపెనీ వాళ్లే సీల్ చేసి ఇస్తారు. దాన్ని పెట్రోల్‌తో కడిగితే రింగులు పాడై ఆ గ్రీజు బయటికొచ్చేస్తుంది, మళ్లీ నింపే దారి లేదు.

వేసే పద్ధతి: కాస్త తిరిగొచ్చాక చైన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, ఇంజిన్ ఆపి, సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైన్ కింది వరస లోపలి వైపు చుక్కలు వేయండి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి గేరేసి చేసేవాళ్లు వేళ్లు పోగొట్టుకుంటారు. అరగంట ఆగి పైన మిగిలింది గుడ్డతో తుడిచెయ్యండి. సుమారు 500 కి.మీ.కి ఒకసారి, వానలో తిరిగితే ఇంకా ముందే.

ఇంజిన్ ఆయిల్‌లో "కారుదే కదా, ఖరీదైనది, ఇంకా మంచిది" అనేవాళ్లుంటారు. దాదాపు అన్ని గేర్ల బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. మైలేజీ కోసం రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే ప్లేట్లు జారతాయి. రేజింగ్ పెరుగుతుంది, బండి కదలదు. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని చూసుకోండి. గేర్లెస్ స్కూటర్లలో క్లచ్ ఆయిల్‌కి బయట పొడిగా ఉంటుంది కాబట్టి వాటికి ఎంబీ. చిక్కదనం గ్రేడు మాత్రం మాన్యువల్‌లో ఉన్నదే.

కారు గేర్‌బాక్స్‌కి జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అని మాన్యువల్‌లో రాసి ఉంటే "జీఎల్-5 ఇంకా పవర్" అనుకోకండి. అందులోని గంధకం మందులు ఇత్తడి సింక్రో రింగుల్ని (గేరు సాఫీగా పడేలా చేసేవి) తినేసే ప్రమాదం ఉంది.

ఇంట్లో అయితే కొబ్బరినూనె! నువ్వుల నూనె, వేరుశనగ నూనెలా తొందరగా జిగురెక్కదు, ఒప్పుకుంటాను. కానీ 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టేది, చలికాలం పొద్దున్నే కుట్టుమిషన్‌ని బరువెక్కిస్తుంది. చవగ్గా దొరికే మిషన్ ఆయిల్ సీసా ఉండగా ఎందుకీ పొదుపు? షటిల్ దగ్గర ఒక చుక్క, వేశాక పనికిరాని గుడ్డ మీద కాసేపు కుట్టండి, మరకలు దానికే అంటుతాయి.

తాళాల్లో అసలు నూనే వద్దు. దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి ఊదండి, లేకపోతే మెత్తటి పెన్సిల్‌తో తాళంచెవి పళ్లకి రుద్ది నాలుగుసార్లు తిప్పండి.

సీలింగ్ ఫ్యాన్ బేరింగ్ మోతకి పైనుంచి స్ప్రే కొట్టడం దండగ. లోపలి గ్రీజు పల్చబడుతుంది, కారిన నూనె వైండింగ్ (మోటారు తీగచుట్ట) మీద పడుతుంది. విప్పి బేరింగ్ మార్చడమే మందు. తెరిచి ఉండే బేరింగులకి కూడా గ్రీజు ఖాళీలో మూడో వంతు నుంచి సగం వరకే. నిండా కూరితే అది చిలికి, వేడెక్కి, సీల్ దాటి కారుతుంది. పాత గ్రీజు ఏదో తెలియకపోతే పూర్తిగా కడిగేశాకే కొత్తది. లిథియం, పాలీయూరియా గ్రీజులు కలిస్తే చాలాసార్లు పల్చబడి కారిపోతాయి.

చెరకు రసం మిషన్ గేర్లకి మామూలు గ్రీజు పూసి, కింద గ్లాసు పెట్టి రసం పడుతుంటారు. ఆహారానికి పొరపాటున తగిలినా ఫర్వాలేని హెచ్1 గ్రీజు అమ్ముతారని ఎంతమంది మిషన్ల వాళ్లకి తెలుసు?

బ్రేకుల దగ్గర మాత్రం సొంత తెలివి వద్దు. కాలిపర్ (డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కే భాగం) పిన్నులకి మామూలు గ్రీజు పూస్తే రబ్బరు బూట్లు ఉబ్బి, పిన్నులు బిగుసుకుని, ప్యాడ్లు ఒకవైపే అరుగుతాయి. అక్కడ సిలికాన్ గ్రీజే, అదీ పల్చగా. చైన్‌కి స్ప్రే కొట్టేముందు వెనక డిస్క్‌ని గుడ్డతో కప్పండి. డిస్క్ మీద పడితే బ్రేక్ క్లీనర్‌తో కడగొచ్చు. ప్యాడ్ తడిస్తే తుడిచి లాభం లేదు, కొత్తది వేసుకోవాల్సిందే.