నాన్నగారు కొట్టేవారు

ఎనిమిది వారాలు, వారానికి 160 డాలర్లు, ఒక్కసారి కూడా కన్ను తడవలేదు. డాలస్ దగ్గర ఒక థెరపిస్టు ముందు కూర్చుని, చిన్నప్పుడు నాన్న చేతిలో బెల్టు దెబ్బలు తిన్న సంగతంతా ఆఫీసులో స్టేటస్ అప్‌డేట్ ఇచ్చినంత నీటుగా ఇంగ్లీషులో అప్పజెప్పేశాను. ఆవిడ మంచి మనిషే, శ్రద్ధగా రాసుకుంది, "మీరు చాలా స్పష్టంగా మాట్లాడతారు" అని మెచ్చుకుంది కూడా. నా రోగమే అది తల్లీ!

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మొన్న ఒక ఫ్రెండు "నీకు ఇంగ్లీషు బాగానే వచ్చుగా, తెలుగు వచ్చిన థెరపిస్టు కోసం వెతకడం ఏంటి, ఫ్యాషనా?" అంది. అప్పటికి నవ్వేసి ఊరుకున్నా గానీ రెండు రోజుల నుంచి లోపల రగులుతూనే ఉంది, ఇక్కడ కక్కేస్తున్నా.

మాది విజయవాడ దగ్గర ఊరు. మా ఇంట్లో నాన్నని "మీరు" అనాలి. ఎవరితో చెప్పినా "నాన్నగారు వచ్చారు, నాన్నగారు భోంచేశారు" అనే చెప్పాలి. (మీ ఇంట్లో "నాన్నా, నువ్వు" అనే చనువుంటే మీరు అదృష్టవంతులు.) ఇంగ్లీషులో "హీ హిట్ మీ" అంటే మూడు ముక్కల్లో పని అయిపోతుంది, అందులో ఆయనా ఉండరు, నేనూ ఉండను. అదే తెలుగులో చెప్పబోతే నోటికొచ్చేది "నాన్నగారు కొట్టేవారు". చూశారా? బెల్టు చేతిలో ఉన్నప్పుడు కూడా ఆయనకి గారు పోలేదు, వారు పోలేదు. దెబ్బలు పడుతుంటే కూడా "వద్దు నాన్నగారూ, కొట్టకండి" అని మర్యాదగా ఏడ్చిన పిల్లని నేను. ఈ సంగతి ఇంగ్లీషులోకి ఎలా వెళ్తుంది? వెళ్ళదు. అందుకే ఎనిమిది వారాలూ నేను వేరే ఎవరిదో కథ చెప్పి వచ్చాను.

తర్వాత థెరపిస్టుని మార్చాను. ఈవిడ మెక్సికన్ కుటుంబం, ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు. తెలుగు ముక్క రాదు. మూడోసారో నాలుగోసారో, నేను యథాప్రకారం గడగడా చెప్పుకుపోతుంటే ఆపి, "ఆయన ఏమని అరిచేవాడో ఆ మాటే మీ భాషలో చెప్పు, నాకు అర్థం కాకపోయినా పర్లేదు, తర్వాత చెబుదువుగాని" అంది. నోరు తెరిచాను. "నోరు లేస్తోందే నీకు, తోలు తీస్తా" అని వచ్చింది, నా గొంతు కాదది, ఆయనదే. అరచేతులు తడిసిపోయాయి, కాళ్ళు పైకి ముడుచుకుని కుర్చీలో ఒక మూలకి వెళ్ళిపోయానని ఆవిడ చెబితే గానీ నాకు తెలీలేదు. ఆ తర్వాత ఏడుస్తూ అన్న మొదటి మాట "నాన్న కొట్టాడు". గారు లేదు. వారు లేదు. 37 ఏళ్ళ వయసులో మొదటిసారి.

ఆ అరచేతుల చెమట నా ఒక్కదాని పిచ్చి కాదట. బోస్టన్ యూనివర్సిటీలో కేథరిన్ హారిస్, ఇంకొందరు కలిసి 2003లో ఒక పరిశోధన అచ్చువేశారు. ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్న టర్కీవాళ్ళకి రెండు భాషల్లోనూ బూతులూ, చిన్నపిల్లల్ని తిట్టే తిట్లూ వినిపించి, చర్మం మీద చెమట ఎంత మారుతుందో కొలిచారు. సొంత భాషలో తిట్టు పడితే ఒళ్ళు ఎక్కువ స్పందించింది. చిన్నప్పటి తిట్లు ఇంగ్లీషులో వినిపిస్తే అంత కదలిక లేదు. నాకది చదివాక ఎనిమిది వారాల డబ్బులు ఎక్కడికి పోయాయో అర్థమైంది.

అలాగని ఇంగ్లీషు దండగ అని నేను అనడం లేదు. అసలు మాట్లాడి నయం చేసే పద్ధతి మొదలైన కేసే ఇలాంటిది. 1880లో వియన్నాలో బ్రాయర్ అనే డాక్టరు వైద్యం మొదలుపెట్టిన అమ్మాయి, అన్నా ఓ అనే మారుపేరుతో రాశారు, జబ్బుపడ్డ తండ్రికి సేవ చేస్తూ తనూ మంచాన పడింది. కొన్నాళ్ళు సొంత భాష జర్మన్ నోటికి రాక ఇంగ్లీషులోనే మాట్లాడింది. "టాకింగ్ క్యూర్" అన్న పేరు కూడా ఆవిడ ఇంగ్లీషులో పెట్టిందే. నాకు ఆవిడ బాగా అర్థమవుతుంది. ఇంగ్లీషు నాకు దాక్కునే చోటు, అది లేకపోతే అసలు ఆ తలుపు దాకా వెళ్ళేదాన్నే కాదు. ఇప్పటికీ గుండె దడ మరీ ఎక్కువైతే ఇంగ్లీషులోకి పారిపోతాను, కుదుటపడ్డాక తెలుగులోకి వస్తాను. ఆ రాకపోకలకి అడ్డం పడని మనిషి కావాలి, అంతే.

తెలుగు వస్తే చాలని కూడా అనుకోకండి. పోయిన ఏడాది ఊరెళ్ళినప్పుడు అక్కడ ఒక కౌన్సిలరు దగ్గరికి వెళ్ళాను. పేరు అనవసరం. ఇరవై నిమిషాలు విని, "ఎంతైనా కన్నతండ్రి కదమ్మా, ఆ భయం ఉండబట్టే కదా ఇవాళ మీరు అమెరికాలో ఉన్నారు" అన్నాడు. 1500 రూపాయలు. ఈ మాట మా మేనత్త కాఫీ ఇచ్చి మరీ ఊరికే చెబుతుంది! భాష మనదే, కానీ ఆ భాషలో ఆయన మా నాన్న పక్కన నిలబడ్డాడు.

సంస్కృతి తెలియడం అంటే ఏంటో ఒకటి చెబుతా. దెబ్బలు తిన్న రాత్రి నాకు జ్వరం వచ్చేది. అమ్మమ్మ "పిల్ల జడుసుకుంది" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది, ఒకసారి దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. ఇది మొదటి థెరపిస్టుకి చెబితే "అంటే డాక్టరుకి చూపించలేదా?" అని కనుబొమలు ఎగరేసింది, నేను వెంటనే మా ఇంటి పరువు కాపాడుకునే పనిలో పడ్డాను. స్పానిష్ ఆవిడ మాత్రం "అమ్మమ్మ నీ చుట్టూ తిప్పుతుంటే నీకెలా ఉండేది?" అంది. ఎలా ఉండేదంటే, ఆ ఇంట్లో నేను భయపడ్డానని పైకి ఒప్పుకున్న మనిషి ఆవిడ ఒక్కతే. కారణం మాత్రం ఆవిడా ఎత్తలేదు. మానసిక వైద్యులు జబ్బు తేల్చడానికి వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకంలో, 2013 నుంచీ, నీ బాధ గురించి మీ ఇంట్లోవాళ్ళకైతే ఎలా చెబుతావు అని రోగిని అడిగే ప్రశ్నావళి ఉంది. ఎంతమంది అడుగుతారు?

అయితే ఆ స్పానిష్ ఆవిడకి "కొట్టేవారు" నుంచి "కొట్టాడు"కి ఎంత దూరమో పావుగంట విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఏడుపు ఆపుకుని వ్యాకరణం పాఠం చెప్పాను! తెలుగు వచ్చినవాళ్ళైతే ఆ మాట చెవిన పడగానే తల ఎత్తి చూసేవారు. నా ఫ్రెండు ప్రశ్నకి జవాబు ఇదే.

పోనీ వెతుక్కుందామంటే ఇక్కడ లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిది. కాలిఫోర్నియాలో ఉన్న తెలుగావిడ టెక్సాస్‌లో ఉన్న నన్ను వీడియోలో చూడాలన్నా ఇక్కడి అనుమతి కావాలి. సైకాలజిస్టులకి సైప్యాక్ట్ అని రాష్ట్రాల మధ్య ఒప్పందం ఒకటుంది, టెక్సాస్ చేరింది, కాలిఫోర్నియా చేరలేదు. తీరా ఇక్కడ డాలస్‌లోనే దొరికితే, ఉగాది ఫంక్షన్‌లో ఆవిడే పులిహోర వడ్డిస్తూ ఎదురైతే? బయటికి చెప్పకూడదని చట్టం ఉంది, చెప్పరు కూడా, అయినా మన భయం మనది. అందుకే తెలుగు రాని మనిషే కావాలనుకునేవాళ్ళనీ నేను తప్పు పట్టను.

నాకు కనీసం ఇంగ్లీషు ఉంది. మా పక్కింటి పెద్దావిడకి అదీ లేదు. ఆస్పత్రిలో "గుండెల్లో గుబులుగా ఉంటోంది బాబూ, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నా" అని ఆవిడ చెబితే కొడుకు డాక్టరుకి "నిద్ర సరిగ్గా పట్టడం లేదట" అని చెప్పాడు. నిద్రమాత్రలు రాసి పంపించారు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు రానివాళ్ళకి ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాలని నిబంధన ఉంది, అడిగినవాళ్ళేరీ? ఆ గుబులు కొడుకు ఇంట్లోనే పుట్టిందైతే, ఆ కొడుకు నోటితో ఎలా చెప్పించుకుంటుంది?

మా అమ్మ సంగతి చెప్పి ఆపేస్తా. అమ్మకి ఇరవై ఏళ్ళుగా "నరాల బలహీనత", "గ్యాస్ ట్రబుల్". చూపించని డాక్టరు లేడు. పోయిన నెల ఫోన్‌లో "ఆ డాక్టరమ్మతో గంటసేపు ఏం మాట్లాడతావే?" అంది. "నాన్న గురించి" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, కట్ అయిందేమో అనుకున్నా. తర్వాత గొంతు తగ్గించి "ఇక్కడ తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారా?" అంది. టెలి మానస్ నంబరు 14416 చెప్పాను, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారని చెప్పాను. ఉండు, రాసుకుంటానంది. గ్యాస్ బండ బుకింగ్ నంబరు పక్కన, క్యాలెండరు మీద రాసిందట. నాన్నగారు చూస్తే ఏమంటావు అని అడిగాను. "గ్యాసు వాళ్ళదేలే అంటాను" అంది.