సవరణ: కువైట్ నవల మీద నా పోస్టు

సౌద్ అల్‌సనౌసీ 'సాఖ్ అల్‌బాంబూ' నవలను మొదట ఫిలిప్పినో భాషలో రాసి, తర్వాత అరబ్బీలోకి అనువదించారని మొన్న రాశాను. అది తప్పు. సౌద్ కువైట్ రచయిత. 2012లో వచ్చిన ఈ నవలను నేరుగా అరబ్బీలోనే రాశారు. దీనికి 2013లో అంతర్జాతీయ అరబ్బీ నవలా బహుమతి వచ్చింది. ప్రచురణ వివరాలు, బహుమతి ప్రకటన చూసి సరిచూసుకున్నాను.

పొరపాటు ఎక్కడ పడిందంటే, ఫిలిప్పీన్స్ నుంచి ఇంటిపనికి వచ్చిన జోసెఫిన్‌కు, కువైటీ యజమాని కొడుక్కి పుట్టిన హోసే ఈ కథ చెబుతాడు. హోసే రాసినదాన్ని ఇబ్రహీం సలాం అనువదించినట్టు పుస్తకం లోపల ఉంటుంది. ఆ ఇబ్రహీం కూడా కథలో పాత్రే! రచయిత వేసిన ఎత్తును నేను నిజమని నమ్మేశాను.

ఇంకొకటి. ఇంటిపనివాళ్లకు వారానికో సెలవు, రోజుకు 12 గంటల పరిమితి ఇచ్చిన కువైట్ చట్టం 2015లో వచ్చిందని అదే పోస్టులో రాశాను. నవల వల్లే చట్టం వచ్చిందని కొందరు అనుకున్నారు. నేను చెప్పింది ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రమే. కడప వైపు నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఈ పోస్టు తిరుగుతోందని తెలిసి వెంటనే సరిచేస్తున్నాను.