‘తప్పకుండా వస్తాం’ గారికి

మహారాజశ్రీ ‘తప్పకుండా వస్తాం’ గారి సముఖానికి, మొన్న శనివారం మా కాలేజీలో, ప్రశ్న చదువుతుండగానే బజర్ నొక్కి జవాబు చెప్పే ఇంటర్ కాలేజియేట్ క్విజ్ టోర్నమెంట్ పెట్టుకుని ఇంకా గొంతు తిరిగిరాని ప్రాణి రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, క్షేమం మీ వైపే ఉన్నట్టుంది కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

నెల కిందట ఒక జట్టు రాసిన మెయిల్ ఎక్కి మీరు మా ఇన్‌బాక్స్‌లోకి వేంచేసినప్పుడు ఎంత మురిసిపోయామని! ఒంటరిగా కూడా రాలేదు, బలగంతో వచ్చారు. "రెండు బజర్ సెట్లు తెస్తాం, ప్రశ్నలు చదవడానికి ఒక మనిషిని కూడా తీసుకొస్తాం, తప్పకుండా వస్తాం." ఆ సెట్లకీ ఆ మనిషికీ కలిపి ఎంట్రీ ఫీజులో డిస్కౌంట్ కూడా ఇచ్చేశాం. మీతో కలిపి జట్లు 12 అయ్యాయి. 12 ఎంత ముచ్చటైన సంఖ్యో టోర్నమెంట్ నడిపినవాళ్లకే తెలుస్తుంది. అందరూ అందరితో ఒక్కోసారి ఆడితే 66 మ్యాచ్‌లు, ఆరు గదులు, 11 రౌండ్లు, ఎవరూ ఖాళీగా ఉండరు. రెండు రాత్రులు కూర్చుని వేసిన ఆ షెడ్యూల్‌ని ఫ్రేము కట్టించుకుందామనుకున్నాను.

శుక్రవారం రాత్రి 11:40కి మిమ్మల్ని పంపిన జట్టు నుంచే ఇంకో మెయిల్ వచ్చింది. మన ప్రశ్నలు ఎలా రాస్తారో మీకు చెప్పేదేముంది. మొదట ఆ సబ్జెక్టులో తలపండినవాళ్లకే తట్టే క్లూ, తర్వాత కాస్త తెలిసింది, చివర్లో "పది పాయింట్లకి చెప్పండి" అని చంటిపిల్లాడు కూడా చెప్పేసేది. ఆ మెయిల్ అచ్చం ఆ పద్ధతిలోనే ఉంది. మొదటి వాక్యం మా శ్రమకి జోహార్లు. రెండోది, ఈ రోజు కోసం వాళ్లు ఎంత ఎదురుచూశారో. మూడోది పరీక్షలు, నాలుగోది ఎవరికో జ్వరం, ఐదోది కారు. ఆరోది "కావున". నేను జోహార్ల దగ్గరే బజర్ నొక్కేశాను. జవాబు: రావట్లేదు. అంత ముందు నొక్కితే రూల్ ప్రకారం పదికి బదులు 15 పాయింట్లివ్వాలి, అవి కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఒక జట్టు తగ్గితే ఏమైంది, పని తగ్గిందిగా అన్నాడు మా స్కోరర్. తగ్గదు నాయనా! 11 జట్లైనా 11 రౌండ్లే పడతాయి. మ్యాచ్‌లు 66 నుంచి 55కి దిగుతాయి గానీ గడియారం ఒక్క నిమిషం కూడా దిగదు, రౌండుకో జట్టు వరండాలో కూర్చుని ఫోన్లు చూసుకుంటుంది, అంతే. పోనీ మావాళ్లనే నలుగుర్ని జట్టుగా కూర్చోబెట్టి ఆ ఖాళీ పూడుద్దామంటే, ఆ నలుగురూ గదుల్లో ప్రశ్నలు చదవాల్సినవాళ్లాయె. అర్ధరాత్రి ఒంటిగంటన్నరకి కొత్త షెడ్యూల్ ప్రింట్ తీస్తుంటే ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది. ప్రింటర్ సంగతి దానికి వేరే ఉత్తరంలో రాస్తాను.

ఇక ఇక్కణ్ణుంచి ‘మీరు’ అనడం నావల్ల కాదు. నువ్వు రాకపోతే రాకపోయావు, ఆ బజర్లేం పాపం చేశాయి? గదులు ఐదు, మిగిలిన సెట్లు నాలుగు. ఐదో గదిలో ఏం చేశామో తెలుసా? బల్ల మీద అరచేత్తో కొట్టి ఆడాం. అటు నలుగురు, ఇటు నలుగురు. చదివే అమ్మాయి కళ్లు కాగితం మీద పెట్టి ప్రశ్న చదవాలి, అదే క్షణంలో ఎనిమిది చేతుల్లో ఏది ముందు పడిందో కూడా చూడాలి. బజర్ అయితే మొదట నొక్కినవాడి దీపం వెలిగించి మిగతావాళ్లని ఆపేస్తుంది, దానికి మొహమాటం లేదు. మనిషికి ఉంటుంది. "ముందు నేనే కొట్టాను", "నీది మోచెయ్యి తగిలింది", "మోచెయ్యి తగిలినా కొట్టినట్టే". ప్రశ్న పూర్తికాకముందే తప్పు చెబితే ఐదు పాయింట్లు పోతాయి కదా, అందుకని జవాబు తప్పని తేలగానే అప్పటిదాకా ముందు నేనే కొట్టానన్న మహానుభావుడే అసలు కొట్టనేలేదన్నాడు!

ఆ గదిలో రౌండు పదిహేను నిమిషాలు ఆలస్యమైతే ఆ గదితో పోయిందా? లేదు. ఒక రౌండులో అన్ని గదులకీ ఒకటే ప్యాకెట్, అంటే ఒకటే ప్రశ్నల కట్ట. అది అందరూ ముగిస్తేనే తర్వాతి రౌండు అన్ని గదుల్లోనూ ఒకేసారి మొదలవ్వాలి, లేకపోతే ముందు ఆడినవాళ్ల నోట జవాబులు వరండాలోనే తెలిసిపోతాయి. నాలుగు గదులు ముగించి, ఐదో గది తలుపు ముందు జనం పెళ్లి భోజనాల బంతికి నిలబడ్డట్టు నిలబడ్డారు. రౌండు మీద రౌండు అలాగే జారి, ఐదింటికి కావాల్సిన ఫైనల్ ఏడున్నరకి అయింది. ఆ రెండున్నర గంటలూ నీవే. రాసిపెట్టుకున్నాను.

మధ్యలో ఒక గదికి తాళంచెవి దొరకలేదు, ఒకాయన ఫ్రెంచి తత్వవేత్త పేరు పలికిన తీరుకి రెండు జట్లూ ప్రొటెస్ట్ రాసిచ్చాయి, ఎవరో ప్రతి జవాబు తర్వాతా "అదే చెప్పబోయా" అంటూనే ఉన్నాడు. అవన్నీ క్షమించేశాను. ఈ ప్రశ్నలన్నీ మేం చదివేశాం కాబట్టి ఇవే ప్రశ్నలతో ఇంకెక్కడ టోర్నమెంట్ జరిగినా మాకు ఆడే యోగం లేదన్నది కూడా మింగేశాను. నిన్నే మింగలేకపోతున్నాను.

1953లో అమెరికా రేడియోలో ‘కాలేజ్ బౌల్’ అనే క్విజ్ మొదలైనప్పుడు ఏ కాలేజీ జట్టు ఆ కాలేజీలోనే కూర్చుని ఆడేదట, ప్రశ్నలడిగే ఆయన ఇంకెక్కడో ఉండేవాడట. ఎవరూ ఎక్కడికీ వచ్చే పనిలేదు, వస్తామనే పనిలేదు. నువ్వు లేకుండానే పుట్టిన ఆట ఇది, ఆ సంగతి కాస్త గుర్తుంచుకో.

నిన్ను నమ్మడం మానేద్దామా అంటే, అదీ కుదిరేట్టు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, బజర్ సెట్ వైర్లు తెగుతాయని ఒళ్లో పెట్టుకుని వచ్చిన జట్టు కూడా ముందు నిన్నే పంపింది. వచ్చిన పదకొండు జట్లూ నిన్నే పంపాయి. నీ మొహం చూసి ఏది నిజమో చెప్పలేం, అదే నీ దుర్మార్గం.

కుర్చీలు సర్ది, వైర్లు చుట్టి, రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చూస్తే ఆ రాని జట్టు నుంచే మెయిల్. టోర్నమెంట్ బాగా జరిగిందని ఆశిస్తున్నారట. ఆడిన ప్యాకెట్లు పంపితే ప్రాక్టీసు చేసుకుంటారట. వచ్చేసారి మాత్రం, ఎవరు రాశారో చూడు, నువ్వే మళ్లీ, "తప్పకుండా వస్తాం".

ఆ క్షణంలోనే జవాబిచ్చాను. నీ చుట్టాన్నే పంపాను, గుర్తుపట్టే ఉంటావు: "తప్పకుండా పంపిస్తాం."