గన్నేరు అంటే ఏ గన్నేరు?
పేరు ఒకటే గానీ ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు ఒకదానికొకటి సంబంధం లేని మొక్కలని ఎవరో రాశారు, అది ఒప్పుకోలేను. వేర్వేరు మొక్కలే, కానీ శాస్త్రవేత్తలు ఆ నాలుగింటినీ అపోసైనేసీ అనే ఒకే కుటుంబంలో పెట్టారు. దేవగన్నేరు ఆకు తుంచి చూడండి, తెల్లటి పాలు బొటబొటా కారి వేళ్ళకి జిగురులా అంటుకుంటాయి. పచ్చగన్నేరుకీ పాలే. పేరు పెట్టినవాళ్ళు మరీ గుడ్డిగా ఏం పెట్టలేదు. చిక్కంతా ముందుండే ఎర్ర, పచ్చ, బిళ్ళ లాంటి మాట వదిలేసి ఉత్త ‘గన్నేరు’ అన్నప్పుడే. మా పక్కింటి పెద్దాయనకి ఎవరో గన్నేరు ఆకు నమిలితే షుగర్ తగ్గుతుందని చెప్పారట. వాళ్ళు చెప్పింది కుండీల్లో పెరిగే బిళ్ళగన్నేరు గురించి (అదీ డాక్టర్ని అడక్కుండా నమలాల్సింది కాదు, క్యాన్సర్ మందు విన్‌క్రిస్టీన్ తీసేది దాన్నుంచే). ఈయనేమో పొద్దున్నే మా గేటు పక్కనున్న ఎర్రగన్నేరు కొమ్మ వంచి, కణుపుకి మూడేసి ఉండే ఆ పొడుగాటి ఆకులు కోస్తున్నారు. అది నేరుగా గుండె మీద పనిచేసే విషం. ‘బాబాయ్ గారూ, అది కాదు!’ అని అరుస్తూ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. ఆయన మాత్రం ‘ఇదీ గన్నేరేగా’ అన్నారు.